బాత్‌టబ్బులో వేట

సింహాద్రప్పన్న మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

మా అక్క మొగుడు ఫిషింగ్ హార్బర్ నుంచి మరబోటు మీద వేటకెళ్తాడు. చుట్టాల్లో ఎవరింట తూము పూడినా ప్లంబర్ కంటే ముందు బావకే కబురు. సీతమ్మధారలో మా కొత్త బాత్‌టబ్బు నిండిపోయి నీళ్లు కదలనన్న రోజూ అంతే. ఆ సాయంత్రమే చుట్టాల పెళ్లి. అత్తగారి సవరం కనబడటం లేదు. అది లేనిదే గడప దాటనని ఆవిడ భీష్మించుకున్నారు.

బావ తూములోకి గాలం వదిలి, టబ్బు అంచున గొంతుక్కూర్చున్నాడు.

“ఏటి బావా, అందిందా?”

“సప్పుడు సెయ్యకు బామ్మర్దీ, బెదిరిపోద్ది!”

ఇంటిల్లిపాదీ టబ్బు చుట్టూ మూగాం. ఉన్నట్టుండి తాడు లాగాడు. నల్లటి జుట్టు పైకొచ్చింది, నీళ్లు గుడగుడమని దిగిపోయాయి. బావ దాన్ని ఎత్తి పట్టుకుని, హార్బర్లో చేపలకి పాడినట్టు వేలం పాట మొదలెట్టేశాడు.

“తాజా సరుకు! మొప్పలింకా ఎర్రగున్నాయి! ఎవులిది పాట?”

అత్తగారు పడీపడీ నవ్వుతూ, “నాదే బాబూ, ఇటిచ్చెయ్యి” అన్నారు.

ఒక్కటి మాత్రం కల్పించాను. అత్తగారి జడ నేటికీ నడుం దాటుతుంది, ఆవిడకి సవరంతో పనిలేదు. గడప దాటనన్నది నేను. గాలానికి చిక్కింది నా నడినెత్తి విగ్గు. పెళ్లిలో నా పరువు కాపాడ్డానికి దాన్ని సవరమని చాటింది బావ, అది తనదేనని ఒప్పుకున్నది అత్తగారు. అప్పట్నుంచీ ఆవిడ ఏమన్నా నేను సప్పుడు చెయ్యను.