పరీక్ష రోజు నేను పాపకు వేసిన మందు

ఇన్నేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా సరికాదేమో. బరువు మోసే మనిషి వంగిపోతుంది, నలుగురికీ కనబడుతుంది. నేను వంగలేదు. నా బదులు ఇంకొకరు వంగారు. ఆ మనిషి మా అత్త. ఇది రాస్తున్నప్పుడు కూడా పక్క గదిలోనే పడుకుని ఉంది.

మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. ముదిగుబ్బ వైపు పల్లె మాది. వేరుశనగ చేను, కొన్ని గొర్రెలు, ఏడాదిలో ఎక్కువ భాగం వాన కోసం చూడటం. మా ఆయన సోలార్ ప్లాంటులో పనిచేస్తాడు. నేను డిగ్రీ చదివి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. పాప పుట్టాక, ఇంట్లో కూర్చునే పీజీ చదవొచ్చని తెలిసి, ఆన్‌లైన్‌లో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో చేరాను. ఒక ఆఫీసులో సమాచారం ఎక్కడ పుడుతుంది, ఎవరి చేతుల మీదుగా ఎక్కడికి పోతుంది, మధ్యలో ఎక్కడ చెడిపోతుంది, అది చెప్పే చదువు.

చేరడానికి మా ఆయన వెనకాముందాడాడు. చంటిపిల్లతో అయ్యే పనేనా అన్నాడు. అప్పుడు నా తరఫున మాట్లాడింది అత్తే.

"సదువుకోనీరా. బిడ్డను చూసుకునేకి నేనుండాను కదా. నువ్వేమన్నా పాలిస్తాండావా?"

ఆయన నవ్వేశాడు. "సరేలే. పాపకు ఏమన్నా అయ్యిందంటే మాత్రం ఆ కంప్యూటర్ మూసేయాల్సిందే" అన్నాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వకుండా విన్నాను. తర్వాత జరిగినదానికంతా ఆ మాటే కారణమని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఒక మనిషి నవ్వుతూ అన్న మాట మీద అంత నేరం మోపవచ్చా?

మా అత్త గురించి చెప్పాలి. మా ఊళ్ళో ఎవరింట్లో కాన్పయినా ముందు ఆమెకే కబురు వచ్చేది. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, పసిబిడ్డను ఆ కాళ్ళ మీద పడుకోబెట్టి నూనె పట్టించి నీళ్ళు పోసేది. అంతసేపు ఏడ్చిన బిడ్డ ఆమె గుడ్డలో చుట్టేసరికి నిద్రపోయేది. బిడ్డకు కడుపు నొప్పి అంటే వసకొమ్మో జాజికాయో సాన మీద అరగదీసి, వేలి కొసకు అంటిందాన్ని నాలుక మీద రాసేది. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. వక్కాకు పెడితే వేసుకుని వచ్చేది. ఊరి పిల్లల్లో సగం మంది ఆ కాళ్ళ మీద పెరిగినవాళ్ళే. ఆమె సంపాదించుకున్నది అదొక్కటే.

క్లాసులు వీడియోలే కాబట్టి పాప నిద్రపోయినప్పుడు వినేదాన్ని. సిగ్నల్ కోసం ఫోను కిటికీ ఊచకు కట్టి, దాని నుంచి లాప్‌టాప్‌కు నెట్ పెట్టుకునేదాన్ని. అసైన్‌మెంట్లు పొయ్యి దగ్గర ఆలోచించేదాన్ని. అదంతా ఎలాగో నడిచింది. పరీక్షలతోనే చిక్కు వచ్చింది.

పరీక్ష కూడా ఇంట్లోనే. కానీ కెమెరా ముందు, అవతల నుంచి ఒక సారు చూస్తూనే ఉంటాడు. గదిలో ఇంకొకరు ఉండకూడదు. తలుపు వేసి ఉండాలి. చూపు తెర మీద నుంచి పక్కకు పోకూడదు. వేరే గొంతు వినబడితే అనుమానం కింద రాసుకుంటారు. మొదటిసారి ఇదంతా అత్తకు చెబితే పకపకా నవ్వింది.

"ఆ సారు నిన్ను సూస్తానే ఉంటాడా? ఒకసారి నన్ను గూడా సూపీమ్మే. నా వక్కాకు నోరు సూసి కంప్యూటర్ యిడిసిపెట్టి పోతాడు."

ఆ మొదటి పరీక్షలోనే పాప తలుపు బాదింది. అత్త ఎత్తుకుపోయినా మళ్ళీ వచ్చింది. ఇంకా పాలు మానని పిల్ల. తలుపు అవతల అమ్మ ఉందని తెలుసు. నేను ఒకటికి నాలుగుసార్లు తలుపు వైపు చూశాను. తర్వాత మెసేజ్ వచ్చింది, గదిలో ఇంకొకరి గొంతు వినబడింది, వివరణ ఇవ్వండి అని. ఇచ్చాను. ఈసారికి వదిలేస్తున్నాం, మళ్ళీ జరిగితే పరీక్ష రద్దు అన్నారు.

ఆ చలికాలంలో పాపకు జలుబు చేసింది. డాక్టరు ఒక సిరప్ రాశాడు. అది వేసిన రోజు పాప మధ్యాహ్నం పడుకుని దీపాలు పెట్టే వేళకు లేచింది. నేను అది గమనించాను.

నా తప్పు ఇక్కడే మొదలైందని ఇప్పుడు అనుకుంటాను. వేసిన రోజున కాదు, గమనించిన రోజున. జలుబు తగ్గింది. సీసా బీరువాలో ఉండిపోయింది. మందు మిగిలితే దాచుకోవడం మామూలే కదా అనుకున్నాను. ఎందుకు దాస్తున్నానో నాకు తెలియదా?

తర్వాతి పరీక్ష రోజు పాప ముక్కు కొంచెం కారుతున్నట్టు అనిపించింది. నిజంగా కారిందా? ఆ ముక్కును ఇప్పటికీ కళ్ళ ముందుకు తెచ్చుకోవాలని చూస్తాను. రాదు. మందు వేశాను. పాప నిద్రపోయింది. నేను నెమ్మదిగా, తప్పు లేకుండా పరీక్ష రాశాను. ఆ తర్వాత ప్రతి పరీక్షకూ పాపకు జలుబు చేసినట్టే అనుకునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. మందే కదా, విషమా అనుకున్నాను. అంత మంచి పనే అయితే తలుపు వేసి ఎందుకు వేసేదాన్ని?

ఆ రోజు పరీక్ష మిగతావాటికంటే పెద్దది. పొద్దుటి నుంచి పాప చిరాకుగా ఉంది, కడుపు ఉబ్బరం. అత్త జాజికాయ అరగదీసి నాలుకకు రాసింది. నేను చూస్తూనే ఉన్నాను. మధ్యాహ్నం గదిలోకి తీసుకుపోయి నా మందు కూడా వేశాను. పరీక్ష పెద్దదని ఎప్పటికంటే కొంచెం ఎక్కువ వేశాను.

కొంచెం అని రాశాను. చూడండి, మీ దగ్గర కూడా తగ్గించే చెబుతున్నాను. కొంచెం కాదు. చాలా ఎక్కువే వేశాను.

పరీక్ష బాగా రాశాను. తలుపు తీసుకుని సంతోషంగా బయటికి వచ్చాను. అత్త వసారాలో పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఇంగా లెయ్యల్యా. ఎంత పిలిసినా పలకల్యా. ఇదేం నిద్రమ్మే?"

ఎత్తుకుంటే పాప తల నా చేతి మీది నుంచి వెనక్కి వాలిపోయింది. ముఖం మీద నీళ్ళు చల్లాను. కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూసింది. మా ఆయనకు ఫోన్ చేశాం. ఆయన బండి తెచ్చి, టౌన్‌లో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాడు. దారంతా అత్త పాప అరికాళ్ళు రుద్దుతూనే ఉంది. నేను మందు గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. చెప్పాలి, పోగానే చెప్పాలి అనుకుంటూనే పోయాను.

డాక్టరు పాప కళ్ళలోకి లైటు వేసి చూశాడు. "ఏం పెట్టారు బిడ్డకు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు అత్త చెప్పేసింది. "పొద్దున జాజికాయ నాకించినా సామీ. రవ్వంతే."

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా మీకు? పిల్లలకు ఇలాంటివి పెట్టొద్దని?"

"ఊర్లో అందురి పిల్లోళ్ళకీ పెడ్తాండా సామీ. ఎవురికీ ఏమీ కాల్యా."

మా ఆయన తల్లి వైపు తిరిగాడు. "ఏం చేసినావమ్మా నువ్వు? నా బిడ్డను ఏం చేసినావు?"

"నాకేం తెలుసప్పా..." అంది అత్త.

డాక్టరు అప్పుడు నన్ను అడిగాడు. "తల్లి మీరే కదా? ఇంకేమైనా వేశారా? సిరప్ లాంటిది ఏదైనా?"

"లేదు సార్" అన్నాను.

భయంతో నోరు పెగలలేదు అని రాయాలని ఉంది. అది అబద్ధం. నా నోరు బాగానే పెగిలింది, గొంతు కూడా వణకలేదు. డాక్టరు అడిగింది నన్ను పట్టుకోవడానికి కాదు, పాపకు ఏ వైద్యం చేయాలో తెలుసుకోవడానికి. నా బిడ్డ బల్ల మీద పడి ఉంటే, దాన్ని బతికించడానికి నిలబడ్డ మనిషి దగ్గర నేను నిజం దాచాను. ఆ క్షణంలో నా మనసులో ఉన్నది పాప కూడా కాదు. మూతపడిన కంప్యూటర్. చెబితే చదువు పోతుంది, ఇంట్లో నా మాట పోతుంది, తల్లివేనా అంటారు. నేను తల్లినేనా? ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడగకుండా చూసుకున్నాను.

తెల్లారేసరికి పాప తేరుకుంది. పాలకు ఏడ్చింది. దేవుడా అని దండం పెట్టుకున్నాను. మా ఆయన ఇంటికి రాగానే అత్త సానను తీసి కంపచెట్లలోకి విసిరేశాడు. కోపం చల్లారక హోటలు దగ్గరా, ప్లాంటు దగ్గరా చెప్పాడు. రెండు రోజుల్లో ఊరంతా పాకింది. పక్క వీధిలో ఒకామె మొదటి బిడ్డకు అత్తే నీళ్ళు పోసి పెంచింది. రెండో కాన్పుకు అత్త తనంతట తానే పోతే "వద్దులే పెద్దమ్మా, ఆసుపత్రోళ్ళు వద్దన్యారు" అని వాకిట్లోంచే పంపేసింది. అత్త ఇంటికి వచ్చి "నాకు గూడా వయసైపాయ, చేతులు వణుకుతాండాయి" అంది. ఆ చేతులు వణకవు. గొర్రెపిల్ల గిట్టలో ముల్లు ఇప్పటికీ ఆమే తీస్తుంది.

తప్పించుకునే దారి కోసం నేను వెతక్కపోలేదు. జాజికాయ ఎక్కువైనా మత్తు వస్తుందని నెట్‌లో ఎక్కడో చదివాను. ఆ పేజీని ఎన్నిసార్లు తెరిచి చదువుకున్నానో. రెండూ కలిసి చేశాయేమో. అలాగే అనుకుందాం. అయితే రెండూ చెప్పాలి కదా? సగం నిజం ఆమె చెప్పింది. మిగతా సగం నా నోట్లో ఉండిపోయింది కాబట్టి ఆమె సగమే పూర్తి నిజం అయిపోయింది.

పీజీ ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. ఇప్పుడు ఇంటి నుంచే ఉద్యోగం. ఒక కంపెనీ రికార్డుల్లో ఎవరు ఏ మార్పు చేశారో, ఏది ఎక్కడ తప్పిందో వెతికి సరిచేయడం నా పని. మెచ్చుకుంటారు కూడా. అత్త అయితే వచ్చిన చుట్టాలందరికీ చెబుతుంది, మా కోడలు యాడికీ పోకుండా ఇంట్లోనే పెద్ద సదువు సదివిందని. అప్పుడు నేను నీళ్ళు తెచ్చే నెపంతో లోపలికి పోతాను.

ఆ ఆసుపత్రి రోజు నుంచి ఆమె పాపకు బిస్కెట్టు ఇవ్వాలన్నా నన్ను అడుగుతుంది. "ఇది ఇయ్యచ్చునా?" "ఇయ్యత్తా" అంటాను. అంతమంది పిల్లల్ని పెంచిన మనిషి, మనవరాలి చేతిలో అరటిపండు పెట్టడానికి నా ముఖం వైపు చూస్తుంది. ఒక్కసారైనా విసుక్కుంటే బాగుండును. విసుక్కోదు. తను తప్పు చేసిందని మనసారా నమ్మింది.

పాప ఇప్పుడు బడికి పోతోంది. ఈమధ్యే నాకు బాబు పుట్టాడు. అత్త ఇంతవరకు వాణ్ణి తన కాళ్ళ మీద పడుకోబెట్టుకోలేదు. నేనే యూట్యూబ్ చూసి, సగం భయంతో నీళ్ళు పోస్తున్నాను. ఆమె గడప దగ్గర కూర్చుని చూస్తుంది. నా చేయి తప్పుగా పడినప్పుడల్లా ఆమె వేళ్ళు ఒళ్ళో కదులుతాయి.

నిన్న బాబు కడుపు నొప్పితో గుక్కపట్టి ఏడ్చాడు. పాప వాళ్ళ నాయనమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"జేజీ, తమ్ముణ్ణి నువ్వు ఎత్తుకో. అమ్మకు రాదు."

"వద్దు పాపా. నా చెయ్యి మంచిది కాదు" అంది అత్త. చిన్నపిల్లకు సర్దిచెప్పినట్టు చెప్పలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది.

అందుకే ఇది రాస్తున్నాను.

చెప్పడమంటే ఎవరికి చెప్పాలి? అత్త ఒక్కదానికే వంటింట్లో చెప్పడం తేలిక. ఆమె ఏమంటుందో నాకు తెలుసు. ఊరుకో, మావాడికి తెలియనీయొద్దు అంటుంది. నా కాపురం కోసం నోరు మూసుకుంటుంది. ఇన్నాళ్ళూ తెలియక మోసింది, అప్పుడు తెలిసి మోస్తుంది. అది నేను చేసే రెండో తప్పు అవుతుంది. కాబట్టి మా ఆయన వినాలి. ఊళ్ళో ఆడవాళ్ళు కూడా, ఏ వాకిట్లోంచి ఆమెను పంపేశారో ఆ వాకిట్లో, నా నోటితోనే వినాలి. ఇది స్పష్టంగా తెలుస్తోంది. చేయగలనా అన్నది తెలియడం లేదు. ఆయన పిల్లల్ని మళ్ళీ నా చేతికి ఇచ్చేటప్పుడు ఎలా చూస్తాడో అని భయం. పాప పెద్దదై ఇది వింటుందని అంతకంటే భయం. ఇన్నేళ్ళ తర్వాత కూడా నా భయాలన్నీ నా గురించే. అది కూడా చెప్పుకోవాలి.

మిమ్మల్ని క్షమించమని అడగను. అది ఇచ్చేది మీరు కాదు. ఇవ్వాల్సిన మనిషిని అడిగే ధైర్యం ఇంకా రాలేదు. ముందు ఎక్కడో ఒకచోట, అటూ ఇటూ తిప్పకుండా చెప్పాలని మాత్రం అనిపించింది.

నా బిడ్డను ఆ మత్తులోకి నెట్టింది నేను. అడిగితే లేదన్నది నేను. మా అత్త చెయ్యి మంచిది.

రాశాను. గుండె ఇంకా గట్టిగానే కొట్టుకుంటోంది. అయినా ఊపిరి లోపలి దాకా పోతోంది.