నల్లనువ్వుల సర్వపిండి

లావణ్య పుట్టింది జగిత్యాల దవాఖానలో అయినా, పెరిగిందంతా దుబాయ్ కరామాలో. మూడు కుటుంబాలు ఒకే వంటింటిని పంచుకునే పాత ఫ్లాట్‌లో, ప్లైవుడ్ గోడ కట్టిన సగం గది వాళ్లది. ఊరంటే ఆమెకు సెలవుల్లో రెండు మూడుసార్లు చూసొచ్చిన చోటు, అంతే. అక్కడ కోడిపుంజును చూసి మంచమెక్కి కూర్చున్న పిల్ల కాలేజీలో బయాలజీ ఎందుకు తీసుకుందో తల్లి గంగమణికి ఇప్పటికీ అంతుబట్టదు. అంతుబట్టకపోయినా అడ్డు చెప్పలేదు. పసిపిల్లల నర్సరీలో ఆయాగా పనిచేస్తూ కూతుర్ని చదివించుకుంటోంది.

ఆ సగం గదిలో ఒకప్పుడు మూడో మనిషి ఉండేవాడు. లావణ్య తండ్రి, ఆమె బాపు అని పిలిచే దేవేందర్. ఒక కంపెనీలో స్టోర్ చూసుకునేవాడు. గొంతు పెద్దది, మనసు మెత్తన. సర్వపిండి అంటే పడిచచ్చేవాడు. బియ్యప్పిండిలో శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నెకు ఒత్తి కాలిస్తే, గిన్నె అడుగున ఎర్రగా మాడిన ముక్క కోసం కూతురితో పోట్లాడేవాడు. 2020 ఎండాకాలంలో కరోనా తగిలి అంబులెన్స్ ఎక్కబోతూ, దగ్గు మధ్యలో భార్య వైపు తిరిగి ఒక్క మాట అన్నాడు.

"ఈ లొల్లి ఒడువంగనే ఖలాస్. ఊరికి వోదాం. ఈడ ఉండద్దు."

మళ్లీ రాలేదు. తల్లీకూతుళ్లకు కూడా అదే జబ్బు అంటుకోవడంతో గది దాటనివ్వలేదు. దహనం కంపెనీవాళ్లే చేయించి ఫోన్ చేసి చెప్పారు. మనిషి పోయాడంటే ఫోన్‌లో విని నమ్మాల్సి వచ్చింది. నమ్మడం లావణ్యకు చేతకాలేదు. ఏసీ ఆగి మళ్లీ మొదలయ్యేటప్పుడు వచ్చే గరగర తండ్రి దగ్గులాగే వినిపించేది. ఇప్పటికీ వినిపిస్తుంది.

మూడో రోజు గంగమణి జ్వరంతోనే లేచి, గదిలోనే కరెంటు పొయ్యి పెట్టుకుని సర్వపిండి కాల్చింది. వాళ్ల వైపు దాన్ని పిట్టముట్టుడు అంటారు. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ నిలబడి చూస్తారు. ముడితే పోయినవాడు తృప్తిపడి వెళ్లిపోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అప్పుడు బతికున్నవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి నీ పిల్లల్ని చూసుకుంటాం, నీ మాట నిలబెడతాం అని కాకి వినేలా మాటిస్తారు. గంగమణి కిటికీ గట్టు మీద సర్వపిండి పెట్టి పొద్దుగూకేదాకా నిలబడింది. తనకు తోచిన మాటలన్నీ ఇచ్చింది. పావురాలు వచ్చి ఎగబడ్డాయి, తోలింది, మళ్లీ వచ్చాయి. కాకి మాత్రం రాలేదు. ఊరికి వోతం అనే ఒక్క మాట తల్లి నోట రాలేదని లావణ్య గమనించింది. ఎందుకు రాలేదో ఆ వయసులో ఆమెకు తట్టలేదు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ కాకి ఊసెత్తలేదు.

బడిలో ఆమె బయాలజీ అంతా కంప్యూటర్ తెర మీదే గడిచింది. ప్రాక్టికల్ అంటే మౌస్‌తో కప్పను కోయడం. పొట్ట విప్పి, గుండె చూసి, లోపల ఉన్నవాటికి పేర్లు పెట్టి, చివర్లో ఒక బటన్ నొక్కితే కప్ప మళ్లీ అతుక్కుని కూర్చునేది. లావణ్య ఆ బటన్‌ను ఎన్నిసార్లు నొక్కిందో చెప్పలేం. మార్కుల కోసం మాత్రం కాదు.

కాలేజీకి వచ్చాక అసలు మైక్రోస్కోప్ చేతికి దొరికింది. మొదటి వారం క్లాసు క్లాసంతా గాలిబుడగను చూసి కణమని బొమ్మ గీసింది. ఒకమ్మాయైతే తన కనురెప్ప వెంట్రుకనే గీసి, రంగు కూడా వేసి, టీచర్‌కు చూపించింది. లావణ్య కూడా ఆ గాలిబుడగల బాపతే. పేర్లు బట్టీ పట్టడం, మర్చిపోవడం, పరీక్ష ముందు మళ్లీ పట్టడం, ఇదే చదువనుకుంది. రెండో ఏడాదిలో షహర్‌బాను మేడమ్ ఎకాలజీ చెప్పడానికి వచ్చేదాకా.

మేడమ్ పూర్వీకులు హైదరాబాద్ వాళ్లు. నవ్వుతూనే వాతలు పెట్టే మనిషి. పుస్తకం మూసేయించి ప్రతి ఒక్కరినీ ఒక్కో పేట ఎంచుకోమంది: మీ పేటలో ఊరకాకులను లెక్కపెట్టండి. అది ఈ నేల పక్షి కాదని, మన వైపు నుంచి ఓడల మీద వచ్చి ఇక్కడ పాతుకుపోయి స్థానిక పక్షుల గుడ్లను, పిల్లలను తినేస్తోందని చెప్పింది. వీసా లేకుండా దిగిపోయిందన్న మాట అని ఎవరో అంటే క్లాసంతా నవ్వింది. లావణ్యకు నవ్వు రాలేదు. కాకులు ఎక్కువ ఉన్న చోట బోనులు పెట్టి పట్టుకుంటారు, మీ లెక్కను బట్టే చోటు నిర్ణయిస్తారు, కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాయండి అని మేడమ్ ముగించింది. కాకి మనుషుల ముఖాలు గుర్తుపెట్టుకుంటుందని, గుడ్లప్పగించి చూసేవాళ్ల ముందు కిందికి దిగదని కూడా హెచ్చరించింది.

లావణ్య సహజంగానే కరామా తీసుకుంది. తెల్లవారుజామున అజాన్ అయ్యాక తమ బిల్డింగుల వరస వెనక, కార్ల మధ్య నిలబడి ఫోన్‌లో లెక్క ఎక్కించేది. కరెంటు సబ్‌స్టేషన్ చుట్టూ, ఏసీ డబ్బాల మీద, వైర్ల మీద బూడిదరంగు మెడల వరసలు. ఆమె లెక్కపెడుతుంటే అవీ ఆమెనే చూస్తున్నట్టుండేది. ఎన్నడూ చప్పుడు చేయకుండా ఉండని పక్షులు ఆమె కనబడగానే నోరు మూసుకునేవి.

ఒక గురువారం పొద్దున అదే చోట తల్లి కనిపించింది. నర్సరీ తాళం తీయాలని ముందే బయల్దేరిన మనిషి సబ్‌స్టేషన్ పిట్టగోడ దగ్గర ఆగింది. పక్షులకు తిండి వేయరాదన్న బోర్డు పక్కనే, బ్యాగులోంచి డబ్బా తీసి ఏదో పెట్టింది. రెండడుగులు వెనక్కి వేసి చేతులు జోడించింది. కార్ల మధ్య కూతురు ఉందని ఆమెకు తెలియదు.

"నీ మాట దాటిన, తప్పే," అంది గంగమణి వైర్ల వైపు చూస్తూ. "పిల్ల సదువు కోసమే ఈడ ఆగిన. అది ఒడువనియ్యి, ఒడిసిన్నాడే ఊరికి వోతం. గప్పటిదాంక ఆకలికి ఉండకు. జర ముట్టు."

ఒక్క కాకీ దిగలేదు. గంగమణి ఫోన్‌లో టైం చూసుకుని, కొంగుతో ముఖం తుడుచుకుని బస్సు కోసం వెళ్లిపోయింది. బిల్డింగు వాచ్‌మన్ నూర్ మొహమ్మద్ మెట్ల మీద కూర్చుని ఇదంతా చూశాడు. మీ అమ్మ ప్రతి గురువారం వస్తుందని, ఏళ్లుగా వస్తోందని, చూస్తే ఆపాలి కాబట్టి తాను చూడనట్టే కూర్చుంటానని లావణ్యకు ఉర్దూలో చెప్పాడు. ఎప్పుడైనా కాకి తిన్నదా అని అడిగింది. తల్లి నిలబడ్డంతసేపూ రావట, ఆమె వెళ్లాక పావురాలు తింటాయో పిల్లులు తింటాయో తాను చూడనన్నాడు.

లావణ్య గోడ దగ్గరికి వెళ్లింది. సర్వపిండి ముక్క, గిన్నె అడుగున మాడినది. అందులో తెల్లనువ్వులు కావు, నల్లవి. వంటింట్లో తమ అరలో నల్లనువ్వుల డబ్బా ఎందుకని ఒకసారి అడిగితే ఒంటికి మంచిదని తల్లి దాటేసిన సంగతి గుర్తొచ్చింది. తినే సర్వపిండిలో ఎవరూ నల్లనువ్వులు వేయరు. అవి పోయినవాళ్లకు. పేటంతా వెతికినా అట్లాంటి సర్వపిండి ఇంకొకటి దొరకదు.

బస్సులో ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇన్నేళ్లుగా బాపు ఆకలితో ఉన్నాడని తల్లి నమ్ముతోంది. ఆ ఆకలికి కారణం తన చదువు. ఒక్కో సెమిస్టర్ పాసవుతూ తాను బాపును మరో సెమిస్టర్ పస్తు పెడుతోందన్న మాట. తనకోసం ఇక్కడ ఆగిపొమ్మని తానేమైనా అడిగిందా? ఆ పాపం మోయడం తనవల్ల కాదు. ఆ మూల అసలు కాకులే లేకపోతే ముట్టమని అడిగేవాళ్లూ ఉండరు, ముట్టనివాళ్లూ ఉండరు. అట్లా అనుకుని, సబ్‌స్టేషన్ మూల పొద్దుటి లెక్కను ఒక్కటి కూడా తగ్గించకుండా ఫోన్‌లో ఎక్కించి పంపేసింది. కరామాలో అన్నిటికంటే పెద్ద సంఖ్య అదే. మేడమ్ మెచ్చుకుంది.

కొన్నాళ్లకు సబ్‌స్టేషన్ కప్పు మీద, కింద నడిచేవాళ్లకు కనబడకుండా, బోను వచ్చి కూర్చుంది. కింద గంగమణి గురువారాలు మామూలుగానే సాగాయి. అమ్మకు చెప్పాలని లావణ్య రోజూ అనుకునేది. చెప్పాలంటే తాను చూసిన సంగతి కూడా చెప్పాలి, విన్న సంగతి కూడా. రోజులు గడిచాయి.

ఒక గురువారం ల్యాబ్‌లో బల్లల మీద కాకులు వరసగా పడుకుని ఉన్నాయి. పొద్దున పట్టి చంపినవి, ఇంకా మెత్తగానే ఉన్నాయి. కాకి ఏం తింటోందో కడుపు కోసి చూడటం ఆనాటి ప్రాక్టికల్. లావణ్యకు వచ్చిన దాని కాలికి కట్టిన చీటీ మీద కరామా అని ఉంది. జతకు వచ్చిన అమ్మాయి తనవల్ల కాదని కుర్చీలో కూలబడింది. లావణ్య మేడమ్‌ను అడిగి మరో కాకిని తెచ్చుకోవచ్చు. అడగలేదు. కత్తెర తీసుకుని గొంతు కింద నుంచి కోసింది. ఇది తెర మీది కప్ప కాదు. ఈకల కింద చర్మం పలచగా, పసిపిల్ల ఒంటిలా ఉంది.

కందనకాయ మీది సంచిని విప్పి తెల్ల ట్రేలో బోర్లించింది. రొయ్య పొట్టు, రొట్టె తునక, చిన్న ప్లాస్టిక్ పేలిక. వాటి పక్కన ఇంకా అరగని ముద్ద ఒకటి. పట్టకారుతో విడదీసింది. శనగపప్పు బద్దలు, ఎర్రగా మాడిన పెచ్చు, దానికి అంటుకుని నల్లనువ్వులు.

"ముట్టింది," అంది పైకే.

ఒక క్షణం గుండె మీద బరువు దిగినట్టయింది. బాపు తిన్నాడు. ఎవరూ చూడకుండా, అమ్మ మళ్లాక, మాడిన ముక్కే ఏరుకుని తిన్నాడు. మరుక్షణం తన చేతిలోని కత్తెర కనిపించింది. దాన్ని ట్రే పక్కన పెట్టేసింది. షహర్‌బాను మేడమ్ వచ్చి ఏం దొరికిందని అడిగితే మనుషుల తిండి అని చెప్పగలిగింది. ఫోన్‌లో నింపాల్సిన ఫారంలో ఆ తిండి ఎక్కడిదో ఎంచుకోవాల్సిన చోట చెత్త అన్న ఒక్క మాటే ఉంది. లావణ్య దాన్ని నొక్కలేదు. ఆ గడి ఖాళీగా వదిలేసింది, దానికి మార్కులు పోయినా.

సాయంత్రం గంగమణి వంటింట్లో తన వంతు పొయ్యి కోసం నిలబడి ఉంది. లావణ్య ఆమెను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. అన్నీ చెప్పేయాలనే దారిపొడుగునా అనుకుని వచ్చింది. తల్లి ముఖం చూశాక సగమే బయటికి వచ్చింది.

"అమ్మా, పిట్ట ముట్టింది."

ఏ పిట్ట అని గంగమణి అడగలేదు. నీకెట్లా తెలుసనీ అడగలేదు.

"సూసినవా?"

"నా కండ్లతోని సూసిన. మాడిన ముక్క గూడ తిన్నది."

గంగమణి కింద కూలబడి, ఆనాడు గదిలో బంధించిన రోజుల్లో ఏడవని ఏడుపంతా ఏడ్చింది. ప్లైవుడ్ గోడ అవతల టీవీ చప్పుడు తగ్గింది. ఏడ్చి ఏడ్చి తేరుకున్నాక, అది ఎటు దిక్కు పోయిందని అడిగింది. ముట్టిన కాకి ఎటు ఎగిరిందో చూడటం కూడా వాళ్ల ఆచారమే. లావణ్య కిటికీ వైపు చెయ్యి చూపించింది. అయితే ఆయనకు నీ సదువు మీద కోపం లేదు బిడ్డా అని తల్లి ఆమె తల నిమిరింది.

మరుసటి గురువారం గంగమణి దాచుకోలేదు. ఆఖరుసారి దండం పెట్టుకుందామని కూతుర్ని వెంట తీసుకుని పిట్టగోడ దగ్గరికి వెళ్లింది. వైర్లు ఖాళీగా ఉన్నాయి. ఏసీ డబ్బాల మీద పావురాలు తప్ప ఏమీ లేవు. ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది ఆ మూల. లావణ్య బోనున్న కప్పు వైపు చూడకుండా నేల చూపులు చూస్తూ నిలబడింది.

గంగమణి ఖాళీ వైర్లను తృప్తిగా చూసి, డబ్బా మూత పెట్టేసింది.

"సూసినవా, ఒక్కటన్న లేదు," అంది. "కడుపు నిండినంక మీ బాపు ఇంకెందుకొస్తడు?"

ఆ కడుపు నిండి ఉందని లావణ్యకు తెలుసు. దాన్ని కోసింది తనే.