ప్రతికూలం చీటీ

నా చిన్నప్పుడు మా ఊరు బోగోలు దగ్గర కొత్తగా ఒక కాలేజీ పెట్టారు. నాలుగు తాటాకు పాకలు, ఒక పెంకుటిల్లు, అంతే. సైన్సు లేదు, అన్నీ ఆర్ట్సే. ఆర్ట్స్ అంటే బొమ్మలు వేయడం కాబోలనుకుని పక్కింటి అక్క పుస్తకాలన్నీ తిరగేశాను. ఒక్క బొమ్మా లేదు. ఆ కాలేజీ నాకు మొదటినుంచీ అర్థం కాలేదు.

అక్కడ చదివే ముగ్గురు ఆడపిల్లల్లో అక్క ఒకతె. ఐదో తరగతిలో ఉన్న నన్ను హైస్కూలుకు పంపడమా, మాన్పించడమా అన్నది మా నాయన ఎంతకీ తేల్చడు. అడిగితే "చూద్దాంలే" అనేవాడు. కాలేజీ వార్షికోత్సవంలో 'ఆడపిల్లకు పెద్ద చదువు కావాలా' అని వాదన పోటీ పెట్టారని, అక్క కూడా మాట్లాడుతుందని తెలిసి నాయనను బతిమాలి లాక్కుపోయాను. అక్క మాటతో ఆయన మనసు మారుతుందని నా ఆశ.

అక్క లేచి, అక్కర్లేదంది! నాయన మనసులో నానుతున్న మాటలే, ఆయనకంటే సూటిగా, నవ్విస్తూ చెప్పింది. పాకంతా చప్పట్లు. మొదటి బహుమతి కూడా ఆమెకే. నాకు ఒళ్లు మండిపోయింది.

పోయి నిలదీశాను. "ఏం జేసేదిమే, ఎవురు ఏ పక్క మాట్లాడాలో చీటీలు దీస్తే నాకు ప్రతికూలం వచ్చినాది. మనం ఒప్పుకోని మాటనే, దాన్ని నమ్మేవాళ్లకంటే బాగా చెప్పాలంటాడు మా సారు" అని నవ్వింది. తను నమ్మని మాట అంత బాగా ఎలా చెప్పగలిగిందో నాకు బోధపడలేదు. ఏడుపు మాత్రం వచ్చింది.

ఇంటికి నడుస్తున్నాం. నా చదువు ఇక ముగిసినట్టే అనుకున్నాను. ఉన్నట్టుండి నాయన, "సెలవలు కాంగానే హైస్కూల్లో చేరుదువులే" అన్నాడు.

"అక్క వద్దన్నది గదా నాయనా?"

"అన్నది. నా మాటలే నాకంటే బాగా చెప్పినాది. చదువుకోబట్టే గదమ్మా!"

ఆ రాత్రి ఎంత ఆలోచించినా నాకు తల తిరగడమే తప్ప ఏమీ తేలలేదు. తర్వాత చదువుకున్నాను, టీచరమ్మనూ అయ్యాను. నోటి దురుసు మాత్రం పోలేదు. అయినా ఇప్పటికీ ఎవరితోనైనా తగువుకు దిగే ముందు, వాళ్ల మాటను నా నోటితో ఒకసారి అనుకుని చూస్తాను. చాలాసార్లు తగువు అక్కడే ఆగిపోతుంది.

ఆ రోజు వాదనలో అక్క గెలిచిందో, ఓడిందో మాత్రం నాకు ఈనాటికీ తెలియదు.