ఎనిమిది మూలల చర్చి చూడ్డానికి రూత్ అక్కతో ఫ్రెడరిక్స్‌బర్గ్ వెళ్లిన రోజు

మా చర్చి రెండుగా చీలకూడదని నేను పట్టుబట్టి కూర్చున్నాను. ఈ ప్రయాణానికి కారణం అదే కాబట్టి ముందు ఆ సంగతి చెప్పాలి. టెక్సస్‌లో ఇర్వింగ్ అనే ఊళ్లో ముప్పై కుటుంబాల తెలుగు చర్చి మాది. ఒక అమెరికన్ చర్చి భవనాన్ని ఆదివారం మధ్యాహ్నాలకు అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకుంటాం, ఆ తర్వాత ప్రేమవిందని అందరం కలిసి భోంచేస్తాం. సగం మందిమి గుంటూరు, రేపల్లె వైపు లూథరన్లం. పసిబిడ్డలకే నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇస్తాం. మిగతా సగం ఒంగోలు, నెల్లూరు వైపు బాప్టిస్టులు. పెద్దయ్యాక, తెలిసి, నీళ్లలో మునిగితేనే వాళ్లకు బాప్తిస్మం. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నన్నాళ్లూ ఈ తేడా ఎవరికీ అడ్డు రాలేదు. ఈ ఈస్టర్‌కి మా అమ్మాయి జోయన్న మొదటిసారి ప్రభు భోజనం తీసుకోవడానికి సిద్ధమై కూర్చుంది. రొట్టె పళ్లెం పట్టుకుని వరుసల్లోకి వచ్చిన రూత్ అక్క, జోయన్న చెయ్యి చాచేసరికి పళ్లెం పక్కకి తిప్పేసింది; పసితనంలో చిలకరించిన నీళ్లు ఆవిడ లెక్కలో బాప్తిస్మం కాదు.

రూత్ అక్క నాకు పరాయి మనిషి కాదు. ఒంగోలు ఆవిడ, ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. పద్నాలుగేళ్ల కిందట మేం ఇర్వింగ్ వచ్చిన కొత్తలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని హైవే మీద డ్రైవింగ్ నేర్పింది ఆవిడే. అలాంటి మనిషితో రెండు నెలలు మాట్లాడలేదు. ఈలోగా బాప్టిస్టు కుటుంబాలు విడిగా ఆరాధన కావాలన్నాయి. దాని మీద ఓటు వేయడానికి జూన్‌లో ఒక ఆదివారం మీటింగ్ పెట్టారు. చర్చి సెక్రటరీని నేనే. కుదరదు, ఒకే చర్చి, ఒకే బల్ల అని నేను కచ్చితంగా చెప్పేశాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అన్నట్టుందని మా ఆయన విసుక్కున్నాడు. విసుక్కుంటే విసుక్కోనీ అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే ఇంటర్నెట్‌లో ఫ్రెడరిక్స్‌బర్గ్ గురించి చదివాను. టెక్సస్ కొండల మధ్య జర్మన్లు కట్టుకున్న ఊరు. ఊరి నడుమ మార్క్ట్‌ప్లాట్జ్ అనే పాత సంత మైదానం. అక్కడ ఎనిమిది మూలల చర్చి ఒకటి ఉందనీ, అన్ని శాఖల క్రైస్తవులూ ఆ ఒక్క కప్పు కిందే ఆరాధించారనీ రాశారు. నాకు ఆయుధం దొరికింది. వెంటనే లింకు చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టి, జర్మన్లకు చేతనైంది మనకు చేతకాదా అని పెద్ద పెద్ద మాటలు రాశాను.  మీటింగ్‌కి ముందు రోజైన శనివారం నాతో వచ్చి ఆ చర్చి ఒక్కసారి కళ్లతో చూడమనీ, ఆ తర్వాత ఓటు ఎటు వేసినా నోరెత్తననీ రూత్ అక్కకి ఫోన్ చేశాను. డ్రైవింగ్ నువ్వే చేస్తావా అని మాత్రం అడిగి, సరే అంది.

పొద్దున్న ఐదున్నరకు బయల్దేరాం. ఆస్టిన్ మీదుగా ఐ-35లో వెళ్లొచ్చు గానీ, ఆ ట్రాఫిక్‌లో నరకం కనిపిస్తుంది. నేను 281 రోడ్డు పట్టుకున్నాను. హైకో, హామిల్టన్, లాంపాసస్, బర్నెట్ దాటి, లానో దగ్గర 16వ నంబరు రోడ్డు ఎక్కితే నేరుగా ఊళ్లోకి తీసుకుపోతుంది. దాదాపు రెండు వందల యాభై మైళ్లు, ఆగకుండా వెళితే నాలుగున్నర గంటలు. నేను పులిహోర కట్టుకొచ్చాను, ఆవిడ ఫ్లాస్కులో టీ తెచ్చింది. లాంపాసస్‌లో పెట్రోలు నింపుకుని కారు పక్కనే నిలబడి తిన్నాం. అప్పటిదాకా మా మధ్య నడిచిన మాటలన్నీ రోడ్డు గురించే. ట్రక్కును దాటుతుంటే మాత్రం, పద్నాలుగేళ్లయినా అద్దం చూడకుండా లేన్ మారుతున్నావని మందలించింది. ఆ మందలింపు నాకు హాయిగా అనిపించింది, అబద్ధమెందుకు.

పదింబావుకి చేరాం. మెయిన్ స్ట్రీట్‌లో శనివారం పార్కింగ్ దొరకదు. వెనక వీధుల్లో పెట్టి మూడు నిమిషాలు నడవడం మేలు. సంత మైదానం నేననుకున్నంత పెద్దది కాదు. ఓక్ చెట్లు, బెంచీలు, ఊరి కథంతా బొమ్మలుగా చెక్కి తగిలించిన పొడవాటి స్తంభం, నడుమ తెల్లటి చర్చి. ఎనిమిది గోడలు, పైన మొనదేలిన కప్పు. పాత జర్మన్లు దాన్ని కాఫీ మర అని పిలుచుకునేవారట. నిజంగానే చేత్తో తిప్పే మరలాగే ఉంటుంది. ఎండ అప్పటికే మాడ్చేస్తోంది. నేను మాత్రం కోర్టుకు సాక్ష్యం పట్టుకెళ్తున్న ప్లీడరులా ముందు నడిచాను.

లోపల చిన్న మ్యూజియం. తెల్ల జుట్టు పెద్దావిడ ఒకామె, వాలంటీరు, కుర్చీలోంచి లేచి వచ్చి పలకరించింది. నేను ఆగలేక, ఇక్కడ అన్ని శాఖలవాళ్లూ కలిసి ఆరాధించేవారు కదా అని అడిగాను, రూత్ అక్కకు వినపడేలా. పెద్దావిడ నవ్వింది. కలిసి కాదు, వంతులవారీగా అంది. అడవిలో కొత్తగా దిగినవాళ్లకు ఒక్క కప్పే ఉండేది కాబట్టి అందరూ దాన్నే వాడుకున్నారు, బడీ అదే, సభలూ అందులోనే. చేతిలో నాలుగు రాళ్లు చేరగానే క్యాథలిక్కులు వేరే కట్టుకున్నారు, మెథడిస్టులు వేరే, లూథరన్లు వేరే. చివరికి పాతబడిన ఈ చర్చిని కూల్చేశారు. ఇప్పుడు మేం నిలబడింది చాలా ఏళ్ల తర్వాత అదే రూపంలో మళ్లీ కట్టిన నకల్లో. అసలుది ఈ మైదానంలో కూడా లేదు, అదిగో ఆ రోడ్డు మధ్యలో ఉండేదని కిటికీలోంచి చూపించింది.

నా ముఖం మాడిపోయింది. ముప్పై కుటుంబాలకు పంపిన నా సాక్ష్యం నాకే ఎదురు తిరిగింది. రూత్ అక్క ఇప్పుడు ఒక్క మాట అన్నా నేను పడి ఉండాల్సిందే. ఆవిడ నా వైపు చూడలేదు. వాలంటీరుని ఇంగ్లీషులో ఒకటే అడిగింది: విడిపోయినప్పుడు కొట్లాడుకున్నారా అని.  కొందరు కొట్లాడుకునే ఉంటారు, మనుషులే కదా అంది పెద్దావిడ. తర్వాత తన ముత్తవ్వ కథ చెప్పింది. దూరపు పొలాల రైతులు శనివారం సంతకు వచ్చి, రాత్రి ఉండి, ఆదివారం ఆరాధన చూసుకుని వెళ్లడానికి ఊళ్లో చిన్న చిన్న ఇళ్లు కట్టుకునేవారు. వాటిని ఆదివారపు ఇళ్లు అంటారు. ముత్తవ్వ లూథరన్, పక్క ఆదివారపు ఇంటావిడ మెథడిస్టు. శనివారం ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకుని, మర్నాడు చెరో గుడికి వెళ్లి, మధ్యాహ్నం మళ్లీ ఒక దగ్గరే తినేవారట. అలా ముప్పై ఏళ్లు సాగిందని ఆవిడ కుటుంబంలో చెప్పుకుంటారు.

బయటికొచ్చి ఎదురుగా ఉన్న జర్మన్ హోటల్లో కూర్చున్నాం. కాల్చిన సాసేజీ, పులిసిన క్యాబేజీ, ఉడికించిన బంగాళదుంప. ఇద్దరికీ కలిపి టిప్పుతో నలభై రెండు డాలర్లు. క్యాబేజీ బాగుందా అని వంటాయన బయటికొచ్చి అడిగితే, మా ఊళ్లో దీనికి తాలింపు పెడతామని రూత్ అక్క గంభీరంగా చెప్పింది. ఆయన వెళ్లాక ఫోర్కు కింద పెట్టింది.

"విమలా, ఆ రోజు పళ్లెం పక్కకి తిప్పింది ఎవరో చెప్తే కాదు. అది నా కాన్షెన్స్. ఇవ్వాళైనా అదే చేస్తాను, నీకు అబద్ధం చెప్పను. కాకపోతే ఆ పిల్ల చెయ్యి అట్టా గాల్లో ఆగిపోవడం నా కళ్ల ముందు నుంచి పోవట్లా. నైట్ డ్యూటీలో కూడా అదే."

 రెండు నెలలుగా ఆవిడ గర్వంతో చేసిందనే అనుకున్నాను. ఆవిడ నమ్మకం అలాంటిదని నాకు తెలియక కాదు. తెలిసీ, మీటింగ్‌లో ఓడించి ఆ చేత్తోనే నా కూతురికి రొట్టె ఇప్పించాలని చూశాను. ఒకే చర్చి, ఒకే బల్ల అని నేను అరిచిన దాంట్లో సగం అదే. ఆ మాట ఆవిడతో చెప్పడం నాకు తేలిక కాలేదు, కానీ చెప్పాను.

"అక్కా, రేపు నేనే లేచి విడిగా చేసుకుందాం అంటాను. పన్నెండున్నరకి మా ఆరాధన, మూడింటికి మీది. మధ్యలో ప్రేమవిందు మాత్రం ఒకటే. దాన్ని చీల్చనివ్వను, ఎవరడ్డమొచ్చినా."

మొదటి ఆరాధన వాళ్లు వడ్డిస్తే రెండో ఆరాధన వాళ్లు గిన్నెలు కడగాలా అని ఆవిడ అడిగింది. వారం వారం మార్చుకుందామన్నాను. మొదటి ఆదివారం నుంచే వంతులు రాసి పెట్టు, సెక్రటరీవి నువ్వే కదా అంది. మూడింటికి బయల్దేరాం. ఊరు దాటాక రోడ్డు పక్క బండి దగ్గర రెండు సంచులు పీచ్ పళ్లు కొన్నాం; జూన్‌లో వెళ్తే అవి వదలకండి. పొద్దు ఉండగానే ఇర్వింగ్ చేరాం.

మర్నాడు మీటింగ్‌లో నేను లేచి చెప్పగానే సగం మంది నోళ్లు తెరిచారు. నేను ఓడిపోయానని కొందరనుకున్నారు, అనుకోనిచ్చాను. విడిపోవడమంటే తెగిపోవడమే అని అంతకాలం భయపడ్డాను. ఒక కప్పు కింద అందర్నీ బలవంతాన కూర్చోబెట్టడం కంటే, ఎవరి గుడికి వాళ్లు వెళ్లొచ్చి ఒకే పొయ్యి దగ్గర చేరడానికే ఎక్కువ పట్టుదల కావాలని ఆ పెద్దావిడ ముత్తవ్వ వల్ల అర్థమైంది. కొత్త పద్ధతిలో మొదటి ఆదివారం రూత్ అక్క రావాల్సింది మధ్యాహ్నం రెండింటికి, భోజనాల వేళకు. పన్నెండున్నరకే వచ్చి మా ఆరాధనలో వెనక వరుసలో కూర్చుంది. రొట్టె తీసుకోవడానికి తను లేవలేదు. జోయన్న వెళ్లి, మోకరించి, తీసుకుని, తిరిగొచ్చి కూర్చునేదాకా తల వంచుకుని ప్రార్థిస్తూనే ఉంది. నేను ఏడ్చాను. అందరూ చూశారు, చూడనీ.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. లానో నుంచి ఫ్రెడరిక్స్‌బర్గ్ దాకా చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. మీతో మాటలు లేని మనిషి ఎవరైనా ఉంటే, రెండు కార్లు తీయకుండా వాళ్లనీ మీ కార్లోనే ఎక్కించుకోండి.