మేక పాఠంలా చదివిన కచేరి కాగితం

మా పద్మ ఎమ్మెల్యే అయిందండీ... నిన్నటి దాకా బడి పిల్లలకు పాఠాలు చెప్పిన నా బిడ్డ గెలిచింది! పొద్దటి నుంచి వచ్చినవాళ్లంతా నోట్లో మిఠాయి పెడుతున్నారు... నా మనసు మాత్రం ఎక్కడికో పోతోంది.

మా చిన్నప్పుడు... నిజాం కాలం. గద్వాలకు రెండు కోసుల దూరంలో మా ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. కచేరి నుంచి, అంటే సర్కారు ఆఫీసు నుంచి, ఏ కాగితం వచ్చినా ఉర్దూలోనే. నాయనకు అక్షరం ముక్క రాదు. నేను రెండో తరగతికి రాగానే, ఇక మా ఇంట్లోనే చదివేవాడున్నాడని ఊరంతా చెప్పుకున్నాడు.

ఒకనాడు మా చెలక, అదే మా మెట్ట చేను, గురించి కాగితం వచ్చింది. పక్క చెలక ఆయన అది తనదని దావా వేశాడు. నలుగురూ మా అరుగు మీద చేరారు. నాయన ఆ కాగితం నా చేతిలో పెట్టాడు...

బడిలో నేను చూసినవి పుస్తకంలో అక్షరాలు. ఇదేమో చేతిరాత, చీమలు పారినట్టుంది. ఒక్క ముక్క తెలియలేదు. రాదంటే నాయన తల వంగుతుంది... అందుకని కంఠతా వచ్చిన మేక పాఠం ఉర్దూలో గడగడా చదివేశాను. అందరూ తలలూపారు! ఏముందిరా అని అడిగితే, చెలక మనదేనని ఉంది అన్నాను.

ఆ సంబరానికి అమ్మ రొట్టెలు నలిపి బెల్లం కలిపి మలీద చేసింది. నా వంతు అక్కకే పెట్టేశాను...

తెల్లారగానే కాగితం పట్టుకొని మా బడి మౌల్వీ సాబు దగ్గరికి ఉరికి, అంతా చెప్పేశాను. ఆయన చదివి, నా చెయ్యి పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. విచారణ ఆ రోజే... నాయన పోకపోతే చెలక ఎదుటివాడిదే. నాయన సద్ది కూడా తాగకుండా, తువ్వాల భుజాన వేసుకొని గద్వాల బాట పట్టాడు.

పొద్దుగూకే వేళ వచ్చాడు. చెలక నిలిచింది. నాకు దెబ్బలు ఖాయమనుకున్నాను. కాళ్లు కడుక్కొని నా పక్కన కూర్చున్నాడు...

"తెల్వకుంటే తెల్వదు అను బిడ్డా. ఇయాల నీ మేక మన చెలకంతా మేసిపోతుండె."

నా చదువు నాలుగుతో ఆగింది. ఆ చెలకలో పండిన పల్లికాయే పద్మను వనపర్తిలో చదివించింది. నాగర్‌కర్నూల్ వైపు ఊళ్లలో ఏండ్ల తరబడి టీచరుగా చేసింది. తెల్వదు అన్న పిల్లలకు ఆమె క్లాసులో దెబ్బ లేదు.

మొన్న ప్రచారంలో ఒక ముసలి రైతు కాలువ నీళ్లు ఎప్పుడొస్తాయని అడిగాడు. పద్మ ఏమందో తెలుసా...

"నాకు తెల్వదు పెద్దయ్యా. తెలుసుకొని నేనే మీ ఇంటికొచ్చి చెప్త."

పక్కనున్నవాళ్లు గతుక్కుమన్నారు, ఓట్లు పోయినట్టే అన్నారు. నాలుగో రోజు తానే పోయి చెప్పి వచ్చింది. ఆ ఊరు ఊరంతా ఆమె వెంట నడిచింది... మా నాయన ఉంటే ఎంత మురిసేవాడో!

ఇప్పుడు ప్రతి చేతిలో ఫోను... తెల్వదు అనే మాటే వినబడదు. మీ ఇండ్లలో అప్పట్లో కాగితాలు ఎవరు చదివేవారో మీరూ చెప్పండి...

ఈ కబురు మావాళ్లందరికీ చేరాలి. కొత్తకోటలో తమ్ముడు బాలయ్యకు, మానవపాడులో మేనత్త మనుమలకు, మన్ననూర్‌లో చిన్నమ్మ కొడుక్కు, వనపర్తి వియ్యంకులకు... గద్వాలలో మా అక్క నర్సమ్మకు. అక్కకు చదువు రాదు, పక్కనున్నవాళ్లు చదివి వినిపించండి... రాసింది రాసినట్టే. మేక పాఠం వద్దు.