రాస్తారోకోకు మూడు రిహార్సల్స్

ఉద్యోగంలో చేరిన ఆ కొత్త రోజుల్లో, ఏ పనైనా ముందుగా కాగితం మీద అంకెలు వేసి రాసుకుంటే సవ్యంగా జరిగిపోతుందని నా గట్టి నమ్మకం. (పెళ్లిచూపులకు కూడా ప్రశ్నల పట్టికతోనే వెళ్లాను. రెండో ప్రశ్న దగ్గర ఆవిడ ఫక్కున నవ్వింది. ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.) అప్పుడు నేను నర్సీపట్నం పొలిమేరలో, కొయ్యూరు రోడ్డు పక్కనున్న హైస్కూల్లో సోషల్ మాస్టారిని. సాయంత్రం బస్సు మా స్టాపులో పాసు పిల్లలను చూడగానే వేగం పెంచేది. నడిచి ఇళ్లకు చేరేసరికి వాళ్లకు చీకటి పడేది. తొమ్మిదో తరగతిలో ఒక పిల్లను గొంతును బట్టి అందరం సైరన్ అనేవాళ్లం. ఒక శుక్రవారం ఆ పిల్ల ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో, "సోమారం నుంచి నాను బడికి రానండి మేస్టారూ. సీకటి పడ్డాక ఇంటికొస్తే ఏటి సదువని మా అయ్య మానెయ్యమన్నాడు" అంది.

ఆ వారమే క్లాసులో శాంతియుత నిరసన పాఠం చెప్పాను. అడగనిదే హక్కు రాదని బల్ల గుద్దినవాణ్ణి, ఊరుకుంటే ఏం బాగుంటుంది? హెడ్మాస్టరుగారిని రాస్తారోకోకు అనుమతి అడిగితే కళ్లజోడు పైనుంచి చూసి, "సోషల్‌కి ప్రాక్టికల్స్ లేవండీ మాస్టారూ" అన్నారు. వద్దని మాత్రం అనలేదు. శనివారం మధ్యాహ్నం గ్రౌండులో మూడు రిహార్సల్స్ వేశాం. వరసకు ఆరుగురు. డ్రైవరును తిట్టకూడదు. అధికారి వచ్చి హామీ రాసిచ్చేదాకా లేవకూడదు. బస్సు బదులు డ్రిల్లు మాస్టారి స్కూటరు. "మద్దిలో ఒంటికొస్తేనో మేస్టారూ?" అని వెనకనుంచి ఒక గొంతు. (అది నా ప్లానులో లేదు. ఏడో అంశంగా చేర్చుకున్నాను.)

సాయంత్రం నలభై మంది పిల్లలూ, నేనూ రోడ్డుకు అడ్డంగా కూర్చున్నాం. ముందు నేను, చేతిలో డిమాండ్ల కాగితం. సైరన్ నినాదం అందుకుంది. మలుపులో బస్సు కనిపించింది, హారను మోగించింది. మేం కదల్లేదు. (నా గుండె మాత్రం బాగానే కదిలింది.) చివరికి పది గజాల దూరంలో కీచుమంటూ ఆగింది. ఆ స్టాపులో ఆగిన బస్సును చూసి ఎన్నాళ్లయిందో!

"ఒలే, బస్సు ఆగిందే! బేగి రండర్రా!" అని సైరన్ కూసింది.

అంతే. నలభై మందీ లేచి, నా పక్కనుంచి కొందరు, నా మీదుగా కొందరు పరుగెత్తి బస్సెక్కేశారు. (రిహార్సల్లో స్కూటరు ఆగినప్పుడు ఒక్కరూ లేవలేదు. నిజమే, దాని మీద నలభై మంది ఎక్కలేరు కదా.) రోడ్డు మీద నేనొక్కణ్ణే మిగిలాను.

డ్రైవరు తల బయటికి పెట్టి, "ఏటి మేస్టారూ, తమరూ ఎక్కుతారా, పక్కకి జరుగుతారా?" అన్నాడు.

"హామీ రాసిచ్చేదాకా లేవం" అన్నాను, బహువచనంలోనే.

"లెగండి మేస్టారూ! మనకి కావలసింది బస్సే కదండీ, వచ్చీసింది!" అని కిటికీలోంచి సైరన్.

"సోమవారం ఆగకపోతేనో?"

"మళ్లీ కూకుంటాం!"

బస్సంతా ఒకే గొంతుతో ఔనంది. డ్రైవరు తల పట్టుకున్నాడు. "కూకోకండర్రా బాబూ, ఆపుతాను. రోజూ ఈ మేస్టార్ని దాటుకుని బండి నడపడం నా వల్ల కాదు."

ఆ రోజు డైరీలో 'నిరసన విఫలం, క్రమశిక్షణ శూన్యం' అని మొదలుపెట్టి పిల్లల తప్పులు రెండు పేజీలు రాశాను. సోమవారం పేజీలో మాత్రం రెండే మాటలున్నాయి: 'సైరన్ హాజరు.' ఇప్పుడు ఆ పేజీలు తిరగేసినప్పుడల్లా, నడిరోడ్డు మీద కాగితం పట్టుకుని కూర్చున్న ఆ కుర్ర మాస్టారిని చెయ్యి పట్టి లేపి, ప్యాంటుకంటిన దుమ్ము దులిపి, వాళ్లతోపాటు బస్సెక్కించాలనిపిస్తుంది.