నీటి చుక్క పడేదాకా

మా ఆపరేషన్ థియేటర్ సిస్టరమ్మ పోయింది. మొన్న మంగళవారం పొద్దున మేడ్చల్ రోడ్డు మీద ముందున్న సిమెంటు లారీని తిట్టుకుంటూ నేను హారన్ కొడుతుంటే ఆమె కూతురు ఫోన్ చేసింది. "డాక్టర్ సార్, అమ్మ ఇగ లేదు. పొద్దుగాల చాయ్ పెట్టుకుంట కూలవడ్డది" అన్నది. లారీ కదిలింది. వెనకవాళ్లు నా మీద హారన్లు కొడుతున్నారు. నాకు బండి తీయడం చేతకాలేదు.

నేను ముక్కు ఆపరేషన్లు చేసే డాక్టర్ని. లోపలి గోడ వంకరై ఊపిరాడనివాళ్లు, బండి మీంచి పడి ముక్కు పక్కకు పోయినవాళ్లు, ఉన్న ముక్కు నచ్చనివాళ్లు మా చిన్న ఆసుపత్రికి వస్తుంటారు. పదకొండేళ్లు ఆమె నా ఎదుట నిలబడి పనిముట్లు అందించింది. ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయమని ఆసుపత్రి వాళ్లు అడిగారు. రాస్తాను. కానీ ఒక్క సంగతి దాచిపెడితే మిగిలినవన్నీ అబద్ధాలే అవుతాయి. ఆ సంగతి ఇక్కడ రాసేదాకా నాకు కుదురు లేదు, కుర్చీలో రెండు నిమిషాలు కూర్చోలేకపోతున్నాను.

మొదట్లో మాకు ఉలీ సుత్తీనే. ఎముక మీద నేను ఉలి పట్టుకుంటే ఆమె సుత్తితో కొట్టేది. ఎముక తెగగానే చప్పుడు మారుతుందని ప్రతి దెబ్బకూ చెవి పెట్టి వినేది. "సప్పుడు మారింది సార్, ఇగ ఆపుండ్రి" అనేది. ఇంకొక్కటి అని నేనంటే సుత్తి ట్రేలో పెట్టేసేది. మర్నాటికి పేషెంట్ల కళ్ల చుట్టూ నల్లగా కమిలిపోయేది. వాళ్లకు అద్దం ఇచ్చేముందు కాసేపు పొలం గురించో పిల్లల గురించో మాట్లాడించేది.

తర్వాత అల్ట్రాసోనిక్ మిషన్ వచ్చింది. కలంలా పట్టుకునే పనిముట్టు, కొసన సన్నటి బ్లేడు. కంటికి కనపడనంత వేగంగా వణుకుతూ ఎముకను కోస్తుంది, పక్కనున్న మెత్తటి పొరల జోలికి పెద్దగా పోదు. కమలడం బాగా తగ్గింది. కాకపోతే సన్నటి పైపులోంచి కొస మీద సెలైన్ నీళ్లు పడుతూనే ఉండాలి, లేకుంటే వేడెక్కి కాలుతుంది. గట్టిగా నొక్కినా వేడెక్కుతుంది. నాదేమో నొక్కే చెయ్యి. "నొక్కకుండ్రి సార్, ఆనిస్తె సాలు" అని మాస్కు వెనకనుంచి ఎన్నిసార్లు అన్నదో! సుత్తి పోయినందుకు బాధ లేదా అని అడిగితే, "బాధేంది సార్, నా భుజం నొప్పి పోయె" అని నవ్వింది.

ఆపరేషన్‌కు ముందురోజు ప్రతి పేషెంటు చేతా ముక్కు మూయించి గ్లాసెడు నీళ్లు తాగించేది. "రేపు లేశినంక ముక్కుల దూది ఉంటది. ఊపిరి ఆడతలేదని పరేషాన్ కావద్దు, నోరున్నది గద" అనేది. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ఒకాయన, "నీళ్లల్ల మునిగెటోన్ని, నాకే నేర్పుతవా సిస్టరమ్మా?" అని మీసం తిప్పి, రెండో గుక్కకే పొలమారి వార్డంతా తడిపాడు.

ఆమెకు ఇంకో పద్ధతి ఉండేది. మిషన్ కొసను స్టీలు గిన్నె మీద పట్టుకుని నీళ్ల కోసం చూసేది. చుక్క గిన్నెలో పడ్డాక "వచ్చింది" అనేది. అప్పుడే నా చేతికిచ్చేది.

మూడేళ్ల కిందట దేవరయాంజాల్ నుంచి ఒకతను వచ్చాడు, బుల్లెట్ మీంచి పడి ముక్కు వంకరైంది. తండ్రి మాజీ సర్పంచ్, ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం. ఆ రోజు నాకు ఇంకా రెండు కేసులున్నాయి. ఆమె గిన్నె మీద కొసను పట్టుకుని ఉంది. "ఆగుండ్రి సార్, నీళ్లు ఇంక రాలే" అన్నది. నేను ఆమె చేతిలోంచి లాక్కుని, మిషన్ నడిపే పెడల్ తొక్కాను. కొన్ని క్షణాలే. అతని ముక్కుపుటం అంచున మినపగింజంత మేర కాలింది.

"గిదెట్ల కాలింది సార్? ఎవ్వరి తప్పు?" అని తండ్రి వరండాలో నిలదీశాడు. "నీళ్ల పైపు సంగతి సిస్టర్ చూసుకుంటుంది" అన్నాను. అంతే అన్నాను. "నీకు సోయి ఉన్నదా?" అని ఆయన పదిమందిలో ఆమె మీద అరిచాడు. ఆమె నావైపు ఒకసారి చూసి తల దించుకుంది. యాజమాన్యం ఆమెను ఆరు నెలలు డ్రెస్సింగ్ గదికి మార్చింది. అతని పుండుకు రోజూ మందు రాసింది ఆమే. ఆ సాయంత్రమే నేను పైపు చూశాను, బిగుతుగానే ఉంది. నీళ్లు పైపంతా నిండి కొసకు రావడానికి కాసేపు పడుతుంది. ఆ కాసేపు నేను ఆగలేదు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. నాకు పేరు పోతుందని భయం.

థియేటర్‌కు తిరిగొచ్చాక ఆమె పైపును మూడుసార్లు చూసేది, అతుకు దగ్గర వేలితో తడిమి మరీ. "పైపెక్కడికీ పారిపోదులే సిస్టర్" అని ఆటపట్టించాను కూడా. ఆమె నవ్వలేదు.

మంగళవారం మధ్యాహ్నం అలియాబాద్‌లో వాళ్ల ఇంటి ముందు టెంటు కింద కూతురు నా పక్కన కూర్చుంది. "గా పైపు నేనే సక్కగ బిగియ్యలేదేమో, గందుకే నీళ్లు లేట్ అయినయేమో అని అమ్మ మస్తుసార్లు అంటుండె సార్. ఇంట్ల గ్యాస్ పైపు గూడ మూడుసార్లు సూశేది" అన్నది. నా తప్పును ఆమె మీద నెట్టానని తెలుసు గానీ, ఆమె దాన్ని నిజమని నమ్మి మూడేళ్లు మోసిందని తెలియదు. జరిగింది జరిగినట్టు అక్కడే, చుట్టాలందరూ వింటుండగా చెప్పాను.

ఆ అమ్మాయి కోపం చేయలేదు. "గీ మాట అమ్మకు ఒక్కపారి చెప్తే అయిపోవు గద సార్" అని లేచి లోపలికి పోయింది.

మర్నాడు యాజమాన్యానికి రాసిచ్చాను. దేవరయాంజాల్ వెళ్లి ఆ తండ్రికీ చెప్పాను. "గా అమ్మను నేను ఊకెనే తిట్టిన గద" అన్నాడు ఆయన. ఇన్ని చేసినా నాకు నిద్ర పట్టడం లేదు. వినవలసిన మనిషి వినలేదు.

నిన్న ఒక ఆపరేషన్ చేశాను. కొత్త సిస్టర్ మిషన్ అందించబోయింది. వద్దని, స్టీలు గిన్నె తెప్పించి కొసను దాని మీద పట్టుకోమన్నాను. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు, అయినా పట్టుకుంది. నీళ్లు పైపులో మెల్లగా వస్తున్నాయి. నా కాలు పెడల్‌కు దూరంగా ఉంది. కొసన ఒక చుక్క ఊరి, పెద్దదై, గిన్నెలో పడింది. దాని వెనక ఇంకొకటి. "వచ్చింది" అనే మాట కోసం నేను చెయ్యి చాచుకుని అలాగే నిలబడ్డాను.